దీపముండగనే: మెట్టసీమ గృహస్థులకు మనవి

నల్లమలకు తూర్పు అంచున, పల్నాటి పొలిమేర నానుకొనియున్న పుల్లలచెరువు అను గ్రామనామము నొకమారు నెమ్మదిగా ఉచ్చరించి చూడుడు. ఆ పేరు పుట్టుక యేదైనను గానిండు; అందు పుల్లలున్నవి, చెరువున్నది. పొయ్యిలోనికి పుల్ల, కుండలోనికి నీరు, ఈ రెండును లేనిదే యే యింటను కూడు లేదు. మన పూర్వులకు ఈ రెండును కనుచూపు మేరలో నుండెడివి. చెరువు నిండుచున్నదో, యెండుచున్నదో వారు తమ కంటితోనే చూచుకొనెడివారు. నేడు మన పొయ్యిలోని మంట చాలవఱకు సముద్రము దాటి వచ్చిన వాయువు. వేసవిలో మన కుండలోని నీరు లారీ యెక్కి వచ్చినది. మన దీపపు వెలుగు ఎక్కడనో పుట్టి తీగవెంట వచ్చినది. మన రొక్కము ఫోనులో నున్నది. ఇవన్నియు సౌకర్యములే, కాదనువారు లేరు. కాని వీనిలో నొక్కటియు మన కనుచూపు మేరలో లేదు. ఆగిననాడు ఏల యాగెనో, మరల నెన్నడు వచ్చునో గృహస్థునకు తెలియదు.

దీపముండగనే యిల్లు చక్కబెట్టుకొనవలెనను సామెత అందఱు నెఱిగినదే. ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వబూనినవానిని లోకము నవ్వుననియు నెఱిగినదే. ఎఱిగియు మనలో ననేకులు దీపము వెలుగుచున్నంతసేపు కూర్చుండి, ఆరిన పిమ్మట అంగడికి పరుగెత్తుచున్నారు. ఆ పరుగువలన తమకు లాభము స్వల్పము. చేతిలో కాసు లేని పొరుగువానికి హాని మిక్కుటము. నిత్యావసరములు నిలిచిపోవు దినమునకై యిల్లు సిద్ధపఱచుకొనుట పిఱికివాని లక్షణము గాదు, లోభి లక్షణమును గాదు. మంచి దినములలో కొంచెము కొంచెముగా చేసినయెడల నది పొరుగువానికి నుపకారమే యగును. చెడ్డదినమున ఒక్కపెట్టున చేసినయెడల వాని నోటి ముద్ద లాగికొనుట యగును. ఈ భేదమును మన గృహస్థుల మనస్సునకు ఎక్కించుటయే మా యుద్దేశము.

మఱచిన పాఠము

మార్కాపురము, కంభము ప్రాంతములు 1970 వఱకు కర్నూలు మండలములోనివి. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమును పీడించిన ధాతుకరువున మిక్కిలి దెబ్బతిన్న మండలములలో కర్నూలొకటి. 1871 నాటి జనసంఖ్యతో 1881 నాటి జనసంఖ్యను పోల్చినచో, ఆ మండలమున సుమారు నాలుగవవంతు జనము తగ్గినట్లు తెలియును. అంతకు మున్ను 1832-33లో పొరుగుననున్న గుంటూరు మండలమున నందన కరువు వచ్చెను. దానినే డొక్కల కరువందురు. అయిదు లక్షల జనములో లక్షన్నరకు పైబడి నశించిరని నాటి లెక్కలు. ఇట్టి కాలములను దాటి వచ్చిన సీమలో పాతరలు, గాదెలు, గడ్డివాములు, వానకు ముందే సావడిలో పేర్చిన కట్టెలు వట్టి యలంకారములు గావు. ఒక యేడు వాన రాకున్నను మఱుసటి యేటివఱకు ప్రాణము నిలుపుకొనుటకై చేసికొనిన యేర్పాటులు.

ఇప్పుడు కరువు రూపు మాఱినది. ధాన్యము దేశమున నుండియు ఇంటికి రాకపోవచ్చును. రొక్కము బ్యాంకులో నుండియు చేతికి రాకపోవచ్చును. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినప్పుడు ఆ మహానగరమున దినముల తరబడి విద్యుత్తు లేదు. పాలకు, నీటికి, పెట్రోలునకు జనులు బారులు తీరిరి. 2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటింపగా, పెట్టెలో వేలున్నవారును ఉప్పు కొనుటకు చిల్లర లేక తడబడిరి. 2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ మొదలయ్యెను. మొదట 21 దినములన్నది మే నెలాఖరు వఱకు సాగెను. 2024 సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు వీథులు నీట మునుగగా, మేడలపై నిలిచినవారికి ఆహారపు పొట్లములను డ్రోనులతో అందింపవలసివచ్చెను. ఈ నాలుగింటికిని కారణములు వేఱు, అనుభవమొక్కటే. ముందటి దినము వఱకు ఎవ్వరును తలపని వస్తువు మఱునాడు దుర్లభమయ్యెను.

ఇంకొక సంగతి గూడ గమనింపదగినది. నేటి సౌకర్యములన్నియు ఒక తీగకే వ్రేలాడుచున్నవి. విద్యుత్తు పోయిన దీపము మాత్రమే పోవునని తలపరాదు. బోరు మోటారు నిలుచును, మంచినీటి యంత్రము నిలుచును, ఫోను చచ్చును, దానితో రొక్కమును పోవును. కొన్నియేండ్ల క్రిందట నడివేసవిలో మా బంధువులయింట పెండ్లి జరిగినది. ముందునాటి రాత్రి ఊరి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయెను. నీటి డబ్బాలవాడు యంత్రము ఆడుట లేదనెను. వచ్చెదనన్న ట్యాంకరు రాలేదు. మగపెండ్లివారి కాళ్లు కడుగుటకు నీళ్లు లేవు. అప్పుడు ఆ యింటి పెద్దమ్మ పెరటిలో రేకులు కప్పియుంచిన పాతబావిని చూపినది. మఱుసటి నెలలో దానిని రాళ్లతో పూడ్చుటకు బేరము గూడ అయియుండెను. నీరు ఉప్పన, త్రాగుటకు పనికిరాదు. అయినను అంట్లకు, స్నానములకు, పశువులకు చాలినది. త్రాగునీరు మాత్రము పొరుగూరినుండి బండి కట్టి తెచ్చిరి. ఆ బావిని వారు పూడ్పలేదు.

నీరు

మొదట చూడవలసినది నీరే. పశ్చిమ ప్రకాశమని వాడుకలోనున్న ఈ సీమలో పలుచోట్ల భూగర్భజలమున ఫ్లోరైడు కలదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీటిని ఏండ్ల తరబడి త్రాగినవారికి పండ్లు గారపట్టును, ఎముకలు బిగిసికొనును. నీరు కాచిన క్రిములు చచ్చునే గాని ఫ్లోరైడు పోదు. నీరావిరియై తగ్గినకొలది అది మఱింత చిక్కనగును. కావున డబ్బానీరు రాని దినమున ‘బోరునీరు కాచి త్రాగుదుము’ అనుట సరియైన యుపాయము గాదు.

అయిదుగురు గల యింటికి త్రాగుటకు, వంటకు దినమునకు 25 లీటర్లు వలయును. వారమునకు 175 లీటర్లు. ఇంతమాత్రము మంచినీరు మూతగల పాత్రలలో ఎల్లప్పుడు నుండవలెను. ప్రాతనీరు వాడి క్రొత్తనీరు పోయుచుండవలెను. మూత లేని తొట్టిలో డెంగీ దోమ గ్రుడ్లు పెట్టును. వారమున కొకమారు తొట్టి ఖాళీచేసి రుద్ది కడుగవలెను. నీటి శుభ్రతయందు సందేహమున్న, వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మేలైన బ్లీచింగు పొడి చాలును. కలిపిన గంట పిమ్మట వాడవచ్చును. స్నానమునకు, ఉదుకుటకు వేఱు నీరు వలయును. ఇక పాడిగేదె వేసవిలో దినమునకు 60, 70 లీటర్లు త్రాగును. ఎడ్లును గొడ్లును గల రైతు తన యింటి మనుజులకంటె ముందు వీనిని లెక్కింపవలెను.

మేడ కట్టుకొనినవారికి దేవుడు ఇచ్చిన చెరువు తలపైననే యున్నది. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన కురిసి, అందు అయిదింట నాలుగు వంతులు పట్టుకొన్నను, 20 చదరపు మీటర్ల మిద్దెపై 9,600 లీటర్లు చేరును. అయిదుగురు గల యింటికి సంవత్సరము పొడుగున త్రాగుటకు, వంటకు నది చాలును. వాననీట ఫ్లోరైడు బెడద లేదు. మొదటి వాన మిద్దె కడిగి పోవనిచ్చి, తరువాతి నీటిని ఇసుక, బొగ్గు, కంకర వేసిన వడపోతగుండ చీకటి తొట్టిలోనికి మళ్లింపవలెను. లక్షలు వెచ్చించి మేడ కట్టువారు అందులో నల్పభాగము ఈ తొట్టికై వెచ్చింపకుండుట విచారింపదగిన విషయము.

ధాన్యము

ఈ మెట్టపొలములలో నేడు పత్తియు, మిరపయు విస్తరించినవి. అవి రూకలు తెచ్చును, నిజమే. కాని పత్తి తినరాదు, మిరప కడుపు నింపదు. పదియెకరములు దున్ను రైతు తన యింటి బియ్యమును కొట్టునుండి నెల నెల తెచ్చుకొనుట యిప్పుడు వింతగాదు. మన తాతలకు అది వింతగా నుండెడిది. అరయెకరమైనను కొఱ్ఱకో, జొన్నకో విడుచుట మంచిది. కొఱ్ఱ మూడు నెలలలో చేతికి వచ్చును, తక్కువ వానకు ఓర్చుకొనును. పొట్టుతో నుంచిన గింజ ఏండ్ల తరబడి చెడదు. దంచుకొన్న బియ్యమునకు ఆ గుణము లేదు.

మనిషికి దినమునకు 400 గ్రాముల గింజలు లెక్కించిన, అయిదుగురికి నెలకు 60 కిలోలు. రెండు నెలల గ్రాసము ఇంట నున్న గృహస్థునకు 2020 వంటి యేడు మరల వచ్చినను అంగడివద్ద బారులో నిలువవలసిన పని యుండదు. పప్పునకు నెలకు ఎనిమిది, తొమ్మిది కిలోలు చాలును. కందులను ఎఱ్ఱమట్టి పట్టించి యెండబెట్టుట, పప్పునకు ఆముదము రాచుట, గింజలలో వేపాకు వేయుట మన యిల్లాండ్రకు క్రొత్తగా చెప్పవలసినవి గావు. క్రొత్త కోడండ్రకు మాత్రము చెప్పవలసియున్నది. ఊరగాయ, చింతపండు, ఉప్పు, బెల్లము, ఎండుమిర్చి ఉన్నయింట కూరగాయల బండి పదిదినములు రాకున్నను పిల్లలు ఆకలి యనరు. నియమమొక్కటే: క్రొత్తది వెనుక పెట్టి పాతది ముందు తినవలెను. తినక దాచినది పురుగు తినును.

నిప్పు, దీపము

1999లో దీపము పథకము వచ్చినది మొదలు ఆంధ్రదేశపు పల్లెలకు గ్యాసు బండ అలవాటైనది. పొగకు కన్నులు పోగొట్టుకొనిన తల్లులకు అది వరమే. కాని మన దేశమున వాడు వంటగ్యాసులో సగమునకు పైగా విదేశములనుండి, ముఖ్యముగా గల్ఫు దేశములనుండి, హోర్ముజు జలసంధి మీదుగా ఓడలలో వచ్చుచున్నది. అక్కడ తుపాకి మ్రోగిన ఇక్కడి పొయ్యికి భయము. కావున నిండు బండ యొకటి ఎప్పుడును మూల నుండవలెను. ఖాళీయైనది ఆనాడే మార్పించుకొనవలెను. తొలకరికి ముందే ఎండుకట్టెలు, పిడకలు చూరుక్రింద చేర్చి, పెరటి పొయ్యిని పాడుపెట్టక యుంచుడు. పశువులు గలవారికి పేడగ్యాసు కుండీ మఱింత మేలు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట మాత్రము ప్రాణాంతకము. పెట్రోలును డబ్బాలలో నిండ్ల నుంచుటయు నంతే.

దీపమునకు ఎండతో నిండు దీపములు రెండు, చేతిదీపమొకటి, దాని బ్యాటరీలు, అగ్గిపెట్టెలు చాలును. బ్యాటరీలతో పలుకు చిన్న రేడియో నొకదానిని విడువకుడు. తుపానునాడు ఫోను మూగవోయినను ఆకాశవాణి పలుకును.

రొక్కము, ఔషధము

ఫోనుతో చెల్లించుట సులభమైనందున పర్సు ఖాళీగా తిరుగుట ఫ్యాషనైనది. రెండు మూడు వారముల ఖర్చునకు చాలిన సొమ్ము యింట నుండవలెను. అందును 50, 100 రూపాయల నోట్లే యెక్కువ యుండవలెను. 2016లో చెల్లకపోయినవి పెద్దనోట్లు గదా. బంధువుల, వైద్యుని, లైన్‌మాను నంబర్లు ఒక పుస్తకమున సిరాతో వ్రాసి గోడకు వ్రేలాడదీయుడు. ఫోను ఆరిపోయిననాడు కన్నకొడుకు నంబరు నోటికి రాని తండ్రులు ఎందఱో యున్నారు. భూమి పత్రములు, రేషను కార్డు, వైద్యుని చీట్లు ఒక జలము చొఱని సంచిలో నుండవలెను.

రక్తపు పోటు, మధుమేహము లేని యిల్లు నేడు అరుదు. ఆ మందులు నెలకు సరిపడునన్ని ముందుండవలెను. ఇన్సులిను వాడువారు విద్యుత్తు పోయిననాడు కంగారుపడి మంచుగడ్డపై పెట్టరాదు. గడ్డకట్టిన మందు చెడును. తడిసిన మట్టికుండలో మఱియొక చిన్న పాత్రనుంచి, అందు మందు సీసాను పొడిగా పెట్టిన చల్లదనము నిలుచును. విరేచనములు పట్టిన బిడ్డకు ఒక లీటరు శుభ్రమైన నీట ఆఱు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు చదునుగా కొలిచి కలిపి త్రాగింపవలెను. ఇది వైద్యుడు దొరకువఱకు ప్రాణము నిలుపును. నెలలు నిండిన గర్భిణి యున్న యింటివారు వాగులు పొంగుకాలమున ముందే మార్కాపురమో, మఱియొక పట్టణమో చేర్చుట వివేకము.

దాచుటయు, దోచుటయు

ఇంతవఱకు చదివిన కొందఱు, ‘దాచుకొమ్మని మీరే చెప్పుచున్నారే, ఇది దొంగనిల్వ గాదా?’ యని యడుగవచ్చును. ఒక యింటికి వలసిన రెండునెలల గ్రాసమునకును, ధర పెరుగువఱకు గిడ్డంగిలో బంధించిన బస్తాలకును భేదము గ్రహింపలేనివారు లేరు. 1943లో వంగదేశమున లక్షలాది ప్రజలు మరణించిరి. ఆనాడు గింజ లేకపోవుటకంటె, బర్మా బియ్యము రాదను భయమున వర్తకులును కలవారును నిల్వచేయగా ధర కూలివాని చేతికి అందకపోవుటయే యెక్కువ హాని చేసినదని అమర్త్య సేను పండితుడు తరువాత విశదీకరించెను. పంట చేతికి వచ్చి ధర తక్కువయున్న నెలలో గ్రాసము నిలుపుకొన్న రైతు, కష్టదినమున అంగడి బియ్యమును కూలివానికి విడిచిపెట్టినవాడగును. కష్టదినమున నాలుగు బస్తాలు ట్రాక్టరుపై నెక్కించుకొని పోవువాడు ఎవరి వంతు తినుచున్నాడో తానే యోచించుకొనవలెను.

మఱియొక నిజమును దాపరికము లేక చెప్పవలెను. దినకూలికి పోవు కుటుంబము రెండునెలల గ్రాసము నిలుపజాలదు. నల్లమల అంచున చెంచుగూడెములవారు అంతకంటెను జాలరు. వారికి ‘ముందుచూపు లేదు’ అని నిందించుట అన్యాయము. చూపున్నది, చేతిలో లేదు. పూర్వము కూలి గింజలలో కొలిచెడివారు. ఆ పద్ధతిలో దోషములు లేకపోలేదు, దానిని యథాతథముగా మరల తెమ్మని మేమనము. కాని కోతదినములలో కూలి సొమ్ము పూర్తిగా నిచ్చుచు, దానితోపాటు తన పాలేరు కుటుంబమునకు ఒక బస్తా గింజలు పంటధరకు కొలిచి యిచ్చుట ఏ రైతునకు భారము? తన గాదెయొద్ద ఎందఱు ఆధారపడియున్నారో అందఱను లెక్కవేసికొని నిల్వయుంచుట భూస్వామి ధర్మము. తనకు జనరేటరున్న, దాని నీరు వీథి కుళాయికి అందవలెను. ట్రాక్టరున్న, అది ఆపదలో అందఱి బండి కావలెను. ఊరిలో నెవరికి ఏమి యున్నదో ముందే యొక పట్టిక వ్రాసికొన్న, ఆనాడు బ్రతిమాలుట యుండదు, జగడమును ఉండదు. తుప్పుపట్టిన చేతిపంపులను వేసవికి ముందే బాగుచేయించుట పంచాయతీ మొదటి పని. దానికి తీగతో నిమిత్తము లేదు.

ఊరు లేని యిల్లు

ఇల్లు ఎంత సిద్ధముగా నున్నను ఊరి చెరువు ఎండిన దానికి గడువు కొన్ని వారములే. గుండ్లకమ్మపై కంభము చెరువును విజయనగర రాజుల కాలమున వరదరాజమ్మ కట్టించెనని ప్రసిద్ధి. తరతరములు దాటి అది నిలిచియున్నది. 2020లో ప్రపంచ నీటిపారుదల వారసత్వ కట్టడముగా గుర్తింపు పొందినది. ఇటు 1996లో శంకుస్థాపన జరిగిన వెలిగొండ పథకపు రెండు సొరంగములు పూర్తియైనవని 2024 మార్చిలో జాతికి అంకితము చేసిరి. నడుమ ఇరువదియెనిమిదేండ్లు గడచెను. ఆనాడు ఊయలలోని బిడ్డకు నేడు బిడ్డలున్నారు. పెద్దపథకములు వలదని మేమనము. వానికై అడుగుట మన హక్కు, అడుగుచునే యుందము. కాని అవి వచ్చువఱకు ఊరిచెరువు పూడిక తీయుట, తూము బాగుచేయుట, వాగుమార్గమున ఆక్రమణ తొలగించుట మన చేతిలోనివి. ఆ ఆక్రమణ చేసినవారిలో మన భూవసతి గలవారే ముందున్నారను మాట కటువైనను సత్యము.

ఈ ప్రాంతమునకు తన పేరిచ్చిన టంగుటూరి ప్రకాశము పంతులుగారు 1946లో మదరాసు రాజధానికి ప్రధానమంత్రిగా నున్నప్పుడు ఫిర్కాభివృద్ధి పథకము నారంభించిరి. అన్నవస్త్రములకు పల్లె పరులవైపు చూడకుండవలెనని వారి యాశయము. స్వరాజ్యమునకు అది పునాది యని వారు నమ్మిరి. నేడు మనము తీగలు, గొట్టములు, ఓడలు వలదని వెనుకకు పోలేము, పోనక్కఱలేదు. అవి తెగిన పదిదినములు ఎవరిని పీడింపక, ఎవరిని చేయిచాపక నిలువగలిగిన చాలును. ఆ మాత్రపు స్వరాజ్యము ప్రతి గృహస్థుని చేతిలో నున్నది.

ఈ వారముననే పని మొదలుపెట్టవచ్చును. నీటితొట్టికి మూత చేయించుడు. గాదెను దులుపుడు. పూడ్పదలచిన బావి యున్న ఒకమారు నిలిచి యోచింపుడు. సాయంకాలము చెరువుకట్ట వఱకు నడచి, తూమువద్ద నీరెంత యున్నదో మీ కంటితో చూచి రండు.